దీపపు మీట కథ

నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో బనకచర్ల దగ్గర నీళ్ల కూడలి ఒకటున్నది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరిన నీరు ఇక్కడికి చేరి తెలుగుగంగకు కొంత, శ్రీశైలం కుడిగట్టు కాలువకు కొంత, కె.సి. కాలువ వైపుకు కొంతగా విడిపోతుంది. ఏ కాలువకు ఎంత నీరు పోవాలో నిర్ణయించేవి అక్కడి ఇనుప తలుపులు. అదే జలాశయపు నీరు 1982 నుండి శ్రీశైలంలో టర్బైన్లను తిప్పి విద్యుత్తును కూడా ఇస్తున్నది. కాలువ నీటికి తలుపు ఉన్నట్లే ఇంటికి వచ్చిన విద్యుత్తుకూ ఒక తలుపు ఉన్నది. అదే మీట, జనం నోట స్విచ్చి.

ఈ పోలికలో చిన్న తిరకాసు ఉన్నదని విద్యార్థులు గమనించాలి. తూము మూస్తే నీరు ఆగుతుంది. విద్యుత్తు విషయంలో మార్గం మూసుకొని వలయం పూర్తి అయితేనే ప్రవాహం సాగుతుంది. వలయం తెరుచుకొంటే ఆగుతుంది. నీటిని ఆపడానికి అడ్డుగా ఒక పలక కావాలి. విద్యుత్తును ఆపడానికి తీగ మధ్య కొద్దిపాటి గాలి సందు చాలు. చాలునని తోస్తుంది గాని, ఆ సందును ఎట్లా కల్పించాలి, ఏ తీగలో కల్పించాలి అన్న రెండు ప్రశ్నలకు సమాధానాలు కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. రెండవ ప్రశ్నకు తప్పు సమాధానం నేటికీ ఎన్నో ఇళ్ల గోడలలో ఉన్నది.

ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాజిల్ పట్టణంలో జోసెఫ్ స్వాన్ 1879లో తన తంతు దీపాన్ని సభలో వెలిగించి చూపాడు. అమెరికాలో ఎడిసన్ దీపం వెలిగినదీ ఆ సంవత్సరమే. మన దేశంలో కలకత్తా నగరంలో విద్యుద్దీపాన్ని జనానికి ప్రదర్శించినదీ 1879 లోనే. న్యూకాజిల్‌కు కొంత దూరంలో క్రాగ్‌సైడ్ అనే భవనం ఉన్నది. దాని యజమాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుపొందిన ఇంజనీరు. తన తోటలోని సెలయేటి నీటితో డైనమో తిప్పించి, 1880లో ఇంటి నిండా స్వాన్ దీపాలు పెట్టించాడు. దీపాలు వచ్చాయి, మరి వాటిని ఆర్పేది ఎట్లా?

గ్రంథాలయంలోని కొన్ని దీపాలకు ఆయన కల్పించిన ఉపాయం ముచ్చటైనది. దీపాన్ని రాగి కూజా వంటి పాత్ర మీద నిలిపాడు. ఆ పాత్ర అడుగు పీఠంలోని పాదరసంలో ఆనుకొని ఉండేది. పాదరసం మంచి వాహకం కనుక పాత్ర పీఠం మీద ఉన్నంతసేపు వలయం పూర్తి అయి దీపం వెలిగేది. ఆర్పాలంటే పాత్రను పైకెత్తి పక్కన పెట్టడమే. మళ్లీ పీఠం మీద పెడితే మళ్లీ వెలుతురు. కూజానే మీట అన్నమాట. పాదరసపు ఆవిరి విషమని, పాత్రను పట్టుకొన్న చేయి విద్యుద్వలయంలో భాగమైన లోహాన్ని తాకుతున్నదని నేటి పాఠకునికి గుండె గుభేలుమంటుంది. ఆనాటికి అది వింత వినోదం.

ఆ రోజులలో కత్తి మీటలు కూడా ఉండేవి. రెండు రాగి దవడల మధ్యకు రాగి పలకను దించితే దీపం వెలిగేది, లాగితే ఆరేది. చిక్కు వెలిగించడంలో లేదు, ఆర్పడంలో ఉన్నది. పలకను నెమ్మదిగా లాగితే విడిపోయే చోట నీలిమంట పుట్టేది.

ఈ మంట ఎందుకు పుడుతుంది? రెండు లోహపు ముక్కలు విడిపోతున్నప్పుడు చివరకు మిగిలే స్పర్శ సూదిమొన అంత. ప్రవాహమంతా ఆ మొన గుండానే పోవాలి. రాగి 1085 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ మొన క్షణంలో అంత వేడెక్కి కరిగి ఆవిరి అవుతుంది. మామూలు గాలి విద్యుద్బంధకమే గాని, లోహపు ఆవిరితో నిండిన వేడి గాలి వాహకం. కనుక ముక్కలు విడిపోయినా ప్రవాహం విడిపోదు. గాలిలో వంతెన కట్టుకొని సాగుతుంది. దీనినే విద్యుచ్చాపం అంటారు. ఒక్కసారి పుట్టిన చాపాన్ని నిలపడానికి పెద్ద వోల్టేజి కూడా అక్కరలేదు. సందు మెల్లగా పెరిగితే చాపం దానితోపాటే సాగుతుంది, రాగిని తింటుంది, పక్కన కర్ర ఉంటే కర్రను అంటుకొంటుంది.

పైగా ఆనాడు ఇళ్లకు వచ్చినది ఏకముఖ ప్రవాహం. అది ఎప్పుడూ ఒకే దిక్కుకు, ఎడతెగకుండా పారుతుంది. చాపానికి ఊపిరి తీసుకొనే విరామం ఉండదు గనుక ఆరిపోయే అవకాశమూ తక్కువ.

ఈ చిక్కును విప్పినది న్యూకాజిల్ ఇంజనీరే. పేరు జాన్ హెన్రీ హోమ్స్. ఇళ్లకు విద్యుద్దీపాలు అమర్చడం ఆయన వృత్తి. 1884లో ఆయన చేసిన ఆలోచన ఇది: మనిషి చేయి నెమ్మదైనది, కొందరిది బద్ధకపు చేయి, కొందరిది భయపు చేయి. చాపం చేతి వేగం మీద ఆధారపడుతున్నంత కాలం మీటకు భద్రత లేదు. కనుక మీటను విడదీసే పని చేతికి ఇవ్వరాదు, స్ప్రింగుకు ఇవ్వాలి. పిడిని తిప్పుతుంటే మొదట స్ప్రింగు మాత్రమే బిగుస్తుంది, లోపలి లోహాలు కదలవు. స్ప్రింగు బిగువు ఒక హద్దు దాటగానే అది తటాలున లోహాన్ని లాగివేస్తుంది. చేయి ఎంత మెల్లగా కదిలినా లోహాలు విడిపోయే వేగం ఒక్కటే. చాపం సాగడానికి వ్యవధి చిక్కదు. మీట నొక్కినప్పుడు వినిపించే ‘టక్’ మన చేతి చప్పుడు కాదు, ఆ స్ప్రింగుది. స్ప్రింగు అలసిన పాత మీట ‘టక్’ అనకుండా మెత్తగా దిగుతుంది, లోపల చిటపటమంటుంది. అది మార్చవలసిన మీట అని తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు.

తరువాతి మార్పులను త్వరగా చెప్పుకోవచ్చు. పింగాణీ దిమ్మె మీది మీటకు బదులు బేకిలైటు మీట వచ్చింది. లియో బేక్‌లాండ్ ఆ పదార్థాన్ని 1907లో తయారుచేశాడు. పైకీ కిందికీ వాలే పిడి ఉన్న మీటకు 1917లో అమెరికాలో విలియం న్యూటన్ పేరు మీద పేటెంటు దక్కింది. మన పాత ఇళ్లలో టేకు దిమ్మె మీద బిగించిన నల్లని గుండ్రటి మీట ఈ జాతిదే. నేటి తెల్లని పియానో మీట దాని మనుమడు.

అన్నిటికన్న పెద్ద మార్పు మీటలో కాదు, ప్రవాహంలో వచ్చింది. ఏకాంతర ప్రవాహం వ్యాపించింది. మన దేశంలో అది సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది, అంటే సెకనుకు 100 సార్లు సున్నకు దిగుతుంది. సున్న దగ్గర చాపం తనంతట తానే ఆరుతుంది. సందు చల్లబడి ఉంటే మళ్లీ అంటుకోదు. అందుచేతనే 230 వోల్టుల ఇంటి మీటకు మూడు మిల్లీమీటర్ల సందు చాలుతున్నది. అంత చిన్న మీట ఏకముఖ ప్రవాహానికి చాలదు. ఈ మాట మళ్లీ అవసరం అవుతుంది.

ఇక రెండవ ప్రశ్న. మీట ఏ తీగలో ఉండాలి?

తొలినాటి ఏకముఖ ప్రవాహపు ఏర్పాట్లు కొన్నింటిలో రెండు తీగలలో దేనికీ భూమితో సంబంధం ఉండేది కాదు. కనుక రెండూ సమానంగా అనుమానించదగినవే. ఫ్యూజులు రెండు తీగలలోనూ పెట్టేవారు. ఏకాంతర ప్రవాహంతో ఈ సమానత్వం పోయింది. ఊరిలోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మూడు ఫేజు చుట్టల ఉమ్మడి కొసను భూమిలో పాతిన ఎర్త్‌కు కలుపుతారు. అక్కడి నుండి బయలుదేరే తీగ న్యూట్రల్. దాని పొటెన్షియల్ నేలకు దాదాపు సమానం. ఇంటికి వచ్చే రెండవ తీగ ఫేజు. నేలతో పోలిస్తే అది 230 వోల్టుల ఎత్తున ఉంటుంది. మనిషి నిలబడేది నేల మీదే. కనుక రెండు తీగలలో ఒకటి దాదాపు సాధువు, రెండవది పులి.

దీపం ఆర్పడానికి మాత్రం ఏ తీగలో సందు కల్పించినా ఒకటే. ఫేజును తెంచినా ఆరుతుంది, న్యూట్రల్‌ను తెంచినా ఆరుతుంది. కంటికి తేడా కనిపించదు. పొలానికి నీరు పెట్టే రైతుకు ఇక్కడి తేడా చెప్పనక్కరలేదు. పిల్లకాలువను తల దగ్గర మూస్తే కాలువ ఎండుతుంది. తోక దగ్గర మూస్తే పారుదల ఆగుతుంది గాని కాలువ నిండుగానే నిలుస్తుంది. గట్టుకు ఎక్కడ బొరియ పడితే అక్కడ నీరు దూకుతుంది. న్యూట్రల్‌లో మీట పెట్టడం కాలువను తోక దగ్గర మూయడం వంటిది. దీపం ఆరింది, కాని దీపపు హోల్డరు వరకు తీగ నిండుగా ఉన్నది. అక్కడ ‘బొరియ’ పడేది మనిషి వేలి రూపంలో.

మన హోల్డర్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బల్బును నొక్కి తిప్పి తగిలించే హోల్డరు లోపల రెండు స్ప్రింగు మొనలు పైకి కనిపిస్తూనే ఉంటాయి. కాలిన బల్బు తీసి కొత్తది పెట్టేవాడు మీట ఆపాననే ధీమాతో చీకటిలో వేలితో తడుముతాడు.

ఇక్కడ కొంచెం లెక్క వేయడం మంచిది. 230 వోల్టుల మీద 60 వాట్ల పాతకాలపు బల్బు గుండా పారేది సుమారు 0.26 ఆంపియరు, అంటే 260 మిల్లీ ఆంపియర్లు. తడిసిన చేతితో, తడి కాళ్లతో ఉన్న మనిషి శరీర నిరోధం వెయ్యి ఓముల వరకు దిగవచ్చు. ఓమ్ సూత్రం ప్రకారం 230ని 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. బల్బుకు వెలుగునిచ్చే ప్రవాహమూ మనిషి గుండా పోయేదీ ఇంచుమించు ఒకటే. అమెరికాలో చార్లెస్ డాల్జియల్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారి మీద జరిపిన ప్రయోగాలలో, సుమారు 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర పురుషులు పట్టిన తీగను వదలలేకపోతున్నారని, స్త్రీలకు ఈ హద్దు పది పదకొండు దగ్గరే ఉన్నదని తేలింది. చేతి కండరాలు బిగుసుకొనిపోతాయి. వదలాలన్న కోరిక ఉంటుంది, వదిలే శక్తి ఉండదు. అంతకు కొన్ని రెట్లయితే గుండె లయ తప్పుతుంది. ఇంటి ఫ్యూజుకు ఇదేమీ పట్టదు. అయిదు ఆంపియర్లు దాటితేనే కరిగే తీగకు పావు ఆంపియరు లెక్కలోనిది కాదు. ఫ్యూజు ఇంటిని మంట నుండి కాపాడడానికి పుట్టింది, మనిషిని కాపాడడానికి కాదు. మనిషి కోసం వేరే పరికరం కావలసి వచ్చింది: ఫేజులో పోయిన ప్రవాహమంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ లోటు 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగా వలయాన్ని తెంచేది. మనిషిని కాపాడే అటువంటి పరికరాన్ని అమెరికాలో 1961లో రూపొందించినది ఆ డాల్జియలే.

ఆంధ్ర దేశంలో మీట చరిత్ర ఆలస్యంగా మొదలై తొందరగా నడిచింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చింది. తుంగభద్ర ఆనకట్ట దగ్గర ఉత్పత్తి 1957లో మొదలయింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాలలో స్తంభాలు ఊరూరికీ నడిచాయి. అప్పటికే నియమం ఉన్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో 32వది ఈ విషయమే చెప్పింది: భూమికి కలిపిన న్యూట్రల్ తీగలో విడిగా ఫ్యూజు గాని మీట గాని ఉండరాదు, ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి తెంచే జంట మీటకు మాత్రమే మినహాయింపు. తీగలు అమర్చే పని లైసెన్సు గలవారే చేయాలని 45వ నియమం. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వాటి స్థానంలోకి వచ్చాయి, 2023లో మరల మారాయి. మీట ఉండవలసినది ఫేజులో అన్న మాట మాత్రం మారలేదు.

నియమం కాగితం మీద ఉన్నది, తీగ గోడ మీద ఉన్నది. రెండు తీగలూ ఒకే రంగువి దొరికితే వాటితోనే ఇల్లు పూర్తి చేసిన పనివారు ఉన్నారు. ఎర్రది ఫేజుకు, నల్లది న్యూట్రల్‌కు, పచ్చది ఎర్త్‌కు అన్న పద్ధతి తెలిసీ, చుట్టలో మిగిలిన ముక్క వృథా కారాదని రంగు మార్చి వాడినవారూ ఉన్నారు. దీపం వెలిగింది గనుక ఇంటివారు సంతోషించారు. స్తంభం దగ్గర మరమ్మతు చేసి రెండు తీగలూ తారుమారు చేసి కలిపినా అంతే. అంతవరకు సరిగా ఉన్న మీటలన్నీ ఆ పూట నుండి న్యూట్రల్‌లోకి పోతాయి. దేశంలో విద్యుద్ఘాతంతో మరణించేవారు ఇటీవలి సంవత్సరాలలో ఏటా పది వేలకు మించుతున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఇవన్నీ మీట వల్ల కలిగినవి కావు. తెగిపడిన తీగలు, పొలం మోటార్లు కూడా ఇందులో ఉన్నాయి.

రాయలసీమ ఇళ్ల కట్టుబడిని కూడా ఇక్కడ తలచుకోవాలి. మట్టి మిద్దె వాన పట్టినప్పుడు కారుతుంది. ఆ నీరు గోడ వెంట దిగి మీటల పెట్టె వెనుకకు చేరుతుంది. కింద నాపరాళ్ల నేల. పొడిగా ఉన్నంతసేపు మంచిదే గాని, కడిగిన నాపరాతి మీద వట్టి కాళ్లతో నిలబడినవాడు భూమికి బాగా అతుక్కొన్నట్లే. వానాకాలంలోనే మీటలు చెడడం, అప్పుడే ఇంటివారు స్క్రూడ్రైవరు పట్టుకోవడం తరచుగా జరిగే పని.

చెడిన మీటను మార్చే పద్ధతిలోని ప్రతి మెట్టూ ఈ చరిత్రలో నుండే వచ్చింది. ముందు ఆపవలసినది ఆ మీటను కాదు, ఇంటి మెయిన్‌ను. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచేది అదే. పాతకాలపు ఫ్యూజు అయితే ఊడదీసి పనిచేసేవాని జేబులోనే ఉంచుకోవాలి. ఇంకొకరు చీకటిగా ఉన్నదని వచ్చి తిరిగి పెట్టకుండా ఉండడానికి. తరువాత టెస్టరు. దానిలో చిన్న నియాన్ దీపమూ, మెగోము స్థాయి నిరోధమూ ఉంటాయి. ఆ నిరోధం వల్ల దేహం గుండా పోయేది మిల్లీ ఆంపియరులో నాలుగవ వంతు కూడా ఉండదు కనుక స్పర్శకు తెలియదు. అయితే టెస్టరు వెలగకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: తీగలో విద్యుత్తు లేదు, లేదా టెస్టరే చచ్చింది. ఈ రెండింటినీ వేరు చేయడానికి మెయిన్ ఆపకముందు వెలుగుతున్న ప్లగ్గు మీద టెస్టరును చూసుకోవాలి. మీట తీగలను చూసిన తరువాత మెయిన్ వేసి మళ్లీ ఒకసారి చూసి, ఆపై మెయిన్ ఆపి పని మొదలుపెట్టాలి. ఎండ పడే చోట నియాన్ వెలుతురు కనబడదు. చేయి అడ్డం పెట్టుకోవాలి.

పెట్టె మూత విప్పగానే కొందరు తికమకపడేది ఒకే స్క్రూ కింద రెండు తీగలు కనిపించినప్పుడు. ఫేజు తీగ ఒక మీట నుండి పక్క మీటకు గొలుసుగా పోతుంది. వాటిలో ఒకదానిని మరచి బిగిస్తే పక్క దీపాలన్నీ ఆరిపోతాయి. ఏ తీగ ఏ స్క్రూ కిందిదో విప్పకముందే గుర్తు పెట్టుకోవడం తేలిక. తీగ కొసను శుభ్రం చేసి, స్క్రూ కింద కదలకుండా బిగించాలి. వదులుగా ఉన్న కొస దగ్గర హోమ్స్ తరిమిన చాపమే చిన్న రూపంలో తిరిగి వస్తుంది. దీపానికీ పంకాకూ ఆరు ఆంపియర్ల మీట చాలు. నీళ్ల హీటరుకు పదహారు ఆంపియర్లది కావాలి. అన్నీ బిగించి మెయిన్ వేసిన తరువాత, దీపపు మీటను ఆపి ఉంచి, హోల్డరులో బల్బు ఉండగా మీట నుండి దీపానికి పోయే స్క్రూను టెస్టరుతో తాకి చూడవచ్చు. అక్కడ నియాన్ వెలిగితే మీట న్యూట్రల్‌లో ఉన్నట్లు అనుమానించాలి. దానిని సరిచేయడం మీట మార్చడం వంటిది కాదు. లైసెన్సు గల పనివానిని పిలవాలి.

2015లో ఉజాలా పథకం వచ్చిన తరువాత ఇళ్లలో ఎల్.ఇ.డి. బల్బులు నిండాయి. వీటికి ఎంత తక్కువ ప్రవాహం చాలునంటే, మీట ఆపినా కొన్ని రాత్రంతా మినుకుమినుకుమంటాయి. మీటలోనే చిన్న సూచక దీపం ఉంటే అట్లా జరగడం సహజం. అది లేకుండా మినుకుమంటే, మీట న్యూట్రల్‌లో ఉండి ఫేజు బల్బు వరకు వచ్చి కూర్చున్నదేమో చూడాలి. పాత తంతు బల్బు ఈ రహస్యాన్ని ఎన్నడూ బయటపెట్టలేదు.

ఇన్వర్టరు ఉన్న ఇంటిలో ఇంకొక మెలిక. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకొని ఇన్వర్టరు మేల్కొంటుంది, బ్యాటరీ నుండి అదే 230 వోల్టులను అవే మీటలకు పంపుతుంది. కనుక అటువంటి ఇంటిలో మెయిన్‌తోపాటు ఇన్వర్టరును కూడా ఆపి, దాని నుండి వచ్చే తీగను విడదీయాలి.

నంద్యాల ప్రాంతంలో చరిత్ర మరొక విధంగా మొదటికి తిరిగింది. ఓర్వకల్లు, గడివేముల మండలాలలో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రం 2017లో పనిలోకి వచ్చింది. 2024లో మొదలైన కేంద్ర పథకం కింద ఇళ్ల మిద్దెల మీదా సూర్యఫలకాలు అమరుతున్నాయి. ఫలకం ఇచ్చేది ఏకముఖ ప్రవాహం. వరుసగా కలిపిన ఫలకాలలో వోల్టేజి కొన్ని వందలకు చేరుతుంది. సున్నకు దిగని ఈ ప్రవాహాన్ని మూడు మిల్లీమీటర్ల సందు గల ఇంటి మీటతో ఆపబోతే, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలపు నీలిమంటే ప్లాస్టిక్కు పెట్టెలో పుడుతుంది. అందుకే ఫలకాల తీగకు వేరే మీట పెడతారు. దాని పిడిని ఎంత నెమ్మదిగా తిప్పినా లోపలి లోహాలు ఒక్క దెబ్బతో, పెద్ద సందుతో విడిపోతాయి. ఆ దెబ్బ కొట్టేది లోపలి స్ప్రింగు; 1884లో హోమ్స్ తన మీటలో పెట్టినదీ అటువంటిదే.